టే నదిలో గాలపు వేట

స్కాట్లండు దేశపు నదులలో టే నది మిక్కిలి పొడవైనది. బ్రిటన్ ద్వీపమున మరి ఏ నదియు ఇంత నీటిని సముద్రమునకు కొనిపోదు. దాని అడుగున గులకరాళ్లును, పెద్ద బండలును మెండు. మన గోదావరిలో వరదకాలమున పులస ఎదురీది వచ్చునట్లు, గ్రుడ్లు పెట్టుటకై సాల్మన్ చేపలు సముద్రమునుండి ఆ నదిలోనికి వచ్చును. దారిలో అవి బండల చాటున విశ్రమించును. బండ ప్రవాహమును అడ్డుకొనుటచే అచట చేపకు శ్రమ తక్కువ. నదిలో ప్రవేశించిన పిదప సాల్మన్ ఆహారము తినదు. అయినను కన్నులయెదుట కదలు ఎరను ఒక్కొక్కప్పుడు కోపముతోనో, పూర్వపు అలవాటుచేతనో కరచును. వేటకాని ఆశ అంతయు ఆ క్షణముమీదనే.

ఎర బండకు చేరువగా పోవలెను, బండకు తగులరాదు. చిక్కంతయు ఇచటనే యున్నది. అందులకై అచటివారు అవలంబించు పద్ధతికి హార్లింగ్ అని పేరు. పడవ ముక్కును ఎగువకు త్రిప్పి, పడవవాడు ప్రవాహమునకు ఎదురుగా తెడ్లు వేయుచు, ఒక గట్టునుండి రెండవ గట్టువైపునకు అడ్డముగా నడుపును. మలుపు మలుపునకు పడవను కొంచెము దిగువకు జారవిడుచును. గాలపు త్రాళ్లు పడవకు దిగువగా చాల దూరము సాగియుండును. కనుక చేపకు పడవకంటె ముందు ఎరయే కనబడును. తెడ్ల వేగము పెంచిన ఎర పైకి తేలును; తగ్గించిన అడుగునకు దిగును. కర్ర పట్టినవారికి కీర్తి దక్కునుగాని, నిజమునకు ఈ వేట పడవవానిదే!

నీటిలోని బండ కంటికి కానరాదు. నీటిపై పొంగు మాత్రమే కనబడును. బండ ఆ పొంగు క్రింద ఉండదు, దానికి కొంత ఎగువన ఉండును. ఇది ఎరుగనివాడు గాలములు పోగొట్టుకొనును. గాలము బండసందున చిక్కినచో ఎగువనుండి లాగరాదు, లాగినకొలది బిగియును. త్రాటిని వదులు చేసిన, ప్రవాహము దానిని బండ దిగువకు వంచి, ఎదురు దిక్కునుండి లాగి, తరచుగా విడిపించును.

1922 అక్టోబరు 7 సాయంకాలమున కేపుత్ గ్రామమువద్ద జార్జినా బాలంటైన్ అను మహిళ తన తండ్రితో ఈ విధముగనే వేటాడుచుండెను. తండ్రి పడవ నడుపుచుండెను. ఆమె ఎరను ఒక సాల్మన్ పట్టి, త్రాటిని లాగుకొనుచు దిగువకు పరుగెత్తెను. పడవయు దాని వెంట పోవలసివచ్చెను. చీకటి పడెను. త్రాడు ఒక్క బండ అంచునకు ఒరసికొన్నను తెగియుండెడిదే. రెండు గంటలకు పైగా పెనగులాడిన పిదప తండ్రి కొంకితో చేపను పడవలోనికి లాగెను. దాని బరువు 64 పౌనులు, అనగా సుమారు 29 కిలోగ్రాములు. పొడవు 54 అంగుళములు. బ్రిటన్‌లో గాలపు కర్రతో పట్టిన సాల్మన్‌లలో అంతకు మించినది నేటివరకు అధికారికముగా నమోదు కాలేదు. ఆ చేపను పెర్త్ పట్టణపు ఆసుపత్రికి ఇచ్చివేసిరి.

నేడు ఆ జాతి క్షీణించినది. 2023లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము బ్రిటన్‌లోని అట్లాంటిక్ సాల్మన్‌ను అంతరించు ప్రమాదమున నున్న జీవుల పట్టికలో చేర్చెను. అందుచే టే నదిలో వేటాడువారు పెక్కురు కొంకికి బదులు మెత్తని వల వాడి, నీటిలోనే గాలము తీసివేయుదురు. పిదప చేప తలను ఎగువకు ఉంచి, అది తనంతట తాను ఈదిపోవువరకు రెండు చేతులతో పట్టియుంతురు.