మెదడును చదివితే మనసు అర్థమైపోతుందా?

"డిప్రెషనా? మెదడులో కెమికల్స్ తేడా, అంతే" అనే మాట ఇప్పుడు ఇంటింటా వినిపిస్తోంది. అందులో కొంత నిజముంది. ఆ కొంతే మొత్తమనుకుంటే మాత్రం నష్టపోయేది బాధలో ఉన్న మనిషే.

అపోహ: మెదడు గుట్టంతా తెలిస్తే మనస్తత్వశాస్త్రంతో పనే ఉండదు.

వాస్తవం: ఒకే మానసిక స్థితి వేర్వేరు శరీరాల్లో వేర్వేరు విధాలుగా ఏర్పడవచ్చని తత్వవేత్త హిలరీ పట్నం 1967లో వాదించారు. 1974లో మరో తత్వవేత్త జెర్రీ ఫోడర్ ఇలాంటి వాదనకే డబ్బును ఉదాహరణగా చూపారు. నోటు ఇచ్చినా, చెక్కు రాసినా అది చెల్లింపే. నేడు ఫోన్‌తో పంపినా అంతే. కాగితాన్నీ సిరానీ ఎంత పరీక్షించినా ధరలెందుకు పెరిగాయో తెలియదు. అలాగే, ఫెయిలవుతానన్న భయంతో పిల్లవాడు పుస్తకమే తెరవకపోతే, ఆ భయం ఎక్కడ పుట్టిందో తెలుసుకోనిదే అతనికి సాయపడలేం. తత్వవేత్త జేగ్వాన్ కిమ్ వంటివారు ఫోడర్ వాదనను గట్టిగా ప్రశ్నించారు. ఆ చర్చ నేటికీ సాగుతోంది.

అపోహ: స్కాన్‌లో మెదడు 'వెలిగితే' కారణం దొరికినట్టే.

వాస్తవం: ఎఫ్ఎంఆర్ఐ అనే మెదడు స్కాన్ చూపేది రక్తంలో ఆక్సిజన్ మార్పులను, రంగులు గణాంకాలను బట్టి వేసేవి. 2009లో క్రెయిగ్ బెనెట్ బృందం చచ్చిన సాల్మన్ చేపను స్కాన్ చేస్తే, యాదృచ్ఛిక పొరపాట్లు తొలగేలా లెక్కలు సరిదిద్దకముందు దాని మెదడులోనూ 'స్పందన' కనిపించింది.

అపోహ: జబ్బు మెదడులో ఉంటే మందులే దిక్కు, మాటలతో తగ్గదు.

వాస్తవం: 1992లో లూయిస్ బాక్స్‌టర్ బృందం ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలు, పదేపదే చేసే పనులు) రోగులను పరిశీలించింది. కొందరికి ఫ్లూఆక్సెటిన్ మాత్రలు, మరికొందరికి ప్రవర్తనా చికిత్స ఇచ్చారు. మురికి భయమున్నవారికి ఈ చికిత్సలో, ముట్టుకోవడానికి జంకే వస్తువును ముట్టించి, వెంటనే చేతులు కడుక్కోకుండా ఓర్చుకోవడం నేర్పుతారు. మెరుగైనవారిలో, ఏ చికిత్స పొందినా, మెదడులోని కాడేట్ భాగంలో గ్లూకోజ్ వినియోగం తగ్గింది. అభ్యాసం కూడా మెదడును మారుస్తుంది.

అపోహ: మానసిక కారణాలంటే శరీరంతో సంబంధం లేనివి.

వాస్తవం: ప్రతి ఆలోచనా మెదడులోనే జరుగుతుంది. థైరాయిడ్ తగ్గినా దిగులు కమ్మవచ్చు, రక్తపరీక్ష అవసరమే. వివరణకు మెదడు, మనసు అనే రెండు స్థాయిలుంటాయి, ఒకటి రెండోదాన్ని కొట్టేయదు.

అందుకే డాక్టరును అడగకుండా మందులు ఆపకండి. కౌన్సెలింగ్‌ను 'ఉత్త మాటలు' అని తీసిపారేయకండి. మీవాళ్లు దిగులుగా ఉంటే పరీక్షలు చేయించండి, ఏం జరిగిందో కూడా అడగండి.