సూదివైద్యమును వ్రేలి ఒత్తుడువైద్యమును

గ్రామపెద్దలారా!

వరినాట్లలో నడుము పట్టిన స్త్రీలును, కొబ్బరి దింపులు తీసి తీసి మోకాళ్లు అరిగిన పురుషులును మన కోనసీమలో లేని యూరు లేదు. “సూదులు గ్రుచ్చి నొప్పి పోగొట్టుదురట, పోవచ్చునా?” అని వారు మొదట అడుగునది మిమ్మే. ఆ ప్రశ్నకు చెప్పదగిన సమాధానమును గూర్చి కొంత విన్నవించెదను.

ఇది సూదిమందు కాదు. ఈ సూదిలో మందుండదు, వెండ్రుకవలె సన్నముగానుండును. సూది గ్రుచ్చు పద్ధతికి ఆక్యుపంక్చరనియు, వ్రేలితో ఒత్తు పద్ధతికి ఆక్యుప్రెషరనియు పేర్లు. పుట్టినిల్లు చీనాదేశము. దీనికి మూలగ్రంథమైన ‘హువాంగ్ దీ నెయ్ జింగ్’ సుమారు 2000 సంవత్సరముల నాటిది. అయితే 1973లో మవాంగ్‌దుయ్ అనుచోట, క్రీస్తునకు పూర్వము 168లో మూసిన యొక సమాధిలో పట్టుగుడ్డలపై వ్రాసిన వైద్యగ్రంథములు దొరికినవి. వానిలో నాళముల వర్ణన కలదు గాని సూది గ్రుచ్చు స్థానములు లేవు. కావున ఈ శాస్త్రము ఒక్కనాట పుట్టినది కాదు, క్రమముగా పెరిగినది. 11వ శతాబ్దమున వాంగ్ వెయీ అను వైద్యుడు స్థానములన్నియు గుర్తించిన కంచువిగ్రహములు పోయించెను. 1822లో ఆ దేశపు చక్రవర్తియే రాజవైద్యశాలలో సూదివైద్యమును మాన్పించెను. 20వ శతాబ్దమున మరల దానికి ఆదరణ కలిగినది.

దీని మూలసూత్రము కాలువనీటితో సేద్యము చేయు మనకు తేలికగా బోధపడును. ‘చి’ అను ప్రాణశక్తి దేహమున నాళములగుండ పారుచుండుననియు, ఆ పారుదల ఆగినచోట నొప్పియు రోగమును కలుగుననియు చీనావారి తలంపు. ఆ మూలగ్రంథమే పండ్రెండు నాళములను తమ దేశపు పండ్రెండు నదులతో పోల్చినది. వ్రేలి కొననుండి మోచేతి వరకు గల ముఖ్యస్థానములకు బావి, ఊట, వాగు, నది, సముద్రము అని వరుసగా పేర్లు పెట్టిరి. ధవళేశ్వరము ఆనకట్టనుండి వచ్చు కాలువ ఒకచోట పూడిపోయినయెడల ఎగువచేను మునుగును, దిగువచేను ఎండును. తూము సవరించినట్లు సూదితో ఆ స్థానమును సవరింతుమని వారి భావము. ఈ పండ్రెండును, ముందు వెనుకల నడిమిగీతలు రెండును కలిసి 14 నాళములు. వానిపై స్థానములు 361.

ఇవి మన సుశ్రుతుడు చెప్పిన 107 మర్మములే యని కొందరందురు. అది సరికాదు. సుశ్రుతుడు మర్మములను చెప్పినది ముఖ్యముగా శస్త్రవైద్యుడు వానిని తప్పించి కోయవలెననియే.

మనదేశమునకు ఈ వైద్యమును తెచ్చినవారిలో ప్రథముడు డాక్టరు విజయకుమార బసు. 1938లో చీనా క్షతగాత్రుల సేవకై కాంగ్రెసు పంపిన అయిదుగురు వైద్యులలో ఆయన యొకడు. షోలాపురపు డాక్టరు కోట్నీసు మరియొకడు. బసు తరువాత మరల చీనాకేగి ఈ విద్య నేర్చి, 1959లో కలకత్తాలో చికిత్స ప్రారంభించెను. 2019లో భారతప్రభుత్వము దీనిని స్వతంత్ర చికిత్సాపద్ధతిగా గుర్తించినది.

ఇక ఫలితమెంత? శరీరమును కోసి పరిశీలించిన శాస్త్రజ్ఞులకు ఆ నాళములు కనబడలేదు. కాని సూది గ్రుచ్చినపుడు మెదడులో నొప్పిని తగ్గించు పదార్థములు ఊరునని 1970 తరువాతి పరిశోధనలు సూచించినవి. జర్మనీదేశమున నడుమునొప్పి గల 1162 మందిని మూడు తెగలుగా చేసి పరీక్షించి 2007లో ఫలితము ప్రకటించిరి. ఆరునెలలకు, సరియైన స్థానములలో సూదులు గ్రుచ్చినవారిలో నూటికి 48 మందికిని, స్థానములు కానిచోట్ల పైపైన గ్రుచ్చినవారిలో 44 మందికిని, వాడుక వైద్యము పొందినవారిలో 27 మందికిని గుణము కనబడెను. దీనినిబట్టి మేలు కలుగుట నిజమే గాని, స్థానముయొక్క మహిమ మనమనుకొన్నంత లేదని తెలియుచున్నది. వైద్యుని ఆదరణయు, రోగి నమ్మకమును కూడ అందు పాలుగొనును.

ఇంట చేసికొనదగిన ఒత్తుడు ఒకటి చెప్పెదను. మణికట్టు మడతకు పైన, రోగి వ్రేళ్లు మూడు అడ్డముగా పెట్టి, ఆ పైని రెండు నరములవలె కనబడు తాళ్ల నడుమ బొటనవ్రేలితో రెండు మూడు నిమిషములు ఒత్తవలెను. దీనిపేరు ‘నెయ్‌గువాన్’, అనగా లోపలి ద్వారము. ఓకరింతకు దీనివలన ఉపశమనము కలుగునని పరీక్షలవలన తెలిసినది. బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ గల కండను మాత్రము గర్భిణులకు ఒత్తరాదని ఆ శాస్త్రమే నిషేధించినది.

సూదివైద్యమునకు పోవువారు మూడు సంగతులు చూడవలెను. వైద్యుడు ఆ విద్య నేర్చినవాడై యుండవలెను. సూది మన యెదుట క్రొత్త పొట్లమునుండి తీసి, ఒకసారి వాడి పారవేయవలెను. లేనిచో కామెరలు మొదలగు రక్తరోగములు అంటును. రక్తము పలుచబడుటకు మందు తినువారు ఆ మాట ముందే చెప్పవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది ఇది. మూతి వంకరపోయి చేయి పడిపోయినపుడు, గుండెలో నొప్పి వచ్చి చెమటలు పట్టినపుడు సూదులును ఒత్తుడును తలపెట్టరాదు. పక్షవాతమున గడ్డ కరగించు మందు నాలుగున్నర గంటలలోపల పడవలెను. రేవు దాటి, గట్టు దాటి పోవలసిన మన లంకగ్రామములవారికి ఆ కాలము మిక్కిలి స్వల్పము. అట్టి సమయమున “ఆసుపత్రికి బయలుదేరుడు” అని మీనోట వచ్చు ఒక్కమాట ప్రాణము నిలుపును. నొప్పికి సూది ఉపశమనమే గాని, ప్రాణాపాయమునకు మందు కాదని మీ యూరివారికి తెలుపవలెనని నా ప్రార్థన.