కాళ్ళనొప్పి – రక్తప్రసరణ లోపం: గుంటూరు, ప్రకాశం ప్రాంతాల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
కాళ్ళనొప్పి ఒక వ్యాధి కాదు, అనేక వ్యాధులకు ఉమ్మడి లక్షణం. అందులో కాలి ధమనులు సన్నబడి రక్తం చాలక వచ్చే నొప్పికి ప్రత్యేకమైన స్వభావం ఉంది. దానిని తొలిదశలో గుర్తిస్తే నడక, మందులు, పొగాకు మానడం వంటి సాధనాలతో అదుపు చేయవచ్చు. ఆలస్యమైతే కాలు కోల్పోయే ప్రమాదం ఉంటుంది. శారీరక శ్రమే జీవనాధారమైన గుంటూరు, ప్రకాశం పత్తి, మిరప ప్రాంతాల నేపథ్యంలో ఈ నొప్పి లక్షణాలను, దానిని పోలిన ఇతర వ్యాధులను, చికిత్సా మార్గాలను ఈ వ్యాసం వివరిస్తుంది. వ్యవహారంలోని ‘నరం’ అనే మాట వ్యాధి నిర్ధారణపై చూపే ప్రభావాన్ని కూడా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కాళ్ళనొప్పి, ధమని, సిర, నరం, పొగాకు, ఫ్లోరోసిస్, మధుమేహం, నడక చికిత్స.

1. ఉపోద్ఘాతం:
గుంటూరు, ప్రకాశం ప్రాంతాల వ్యవసాయం చాలావరకు మనిషి కాళ్ళపైనే ఆధారపడి ఉంది. పత్తి తీతకు, మిరప కోతకు వచ్చే కూలీలు రోజంతా సాళ్ళ వెంట వంగి నడవాలి. కోసిన కాయ కళ్ళంలో ఎండి గుంటూరు మిర్చి యార్డుకు చేరిన తర్వాత బస్తాలు మోసే ముఠా కూలీలదీ కాళ్ళపని. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనతో పల్నాడు, బాపట్ల జిల్లాలు ఏర్పడ్డాయి. ఈ వ్యాసంలో గుంటూరు, ప్రకాశం అన్న పేర్లు పాత ఉమ్మడి జిల్లాలను సూచిస్తాయి.

ఇటువంటి చోట కాళ్ళనొప్పిని పనివల్ల కలిగిన అలసటగా భావించడం సహజం. చాలా సందర్భాల్లో అది నిజం కూడా. అయితే ఆ అలసట మాటున దాగిన ధమనుల వ్యాధి కొందరిలో పుండు పడి, వేలు నల్లబడిన తర్వాతనే బయటపడుతుంది. అప్పటికి చికిత్సకు మిగిలే మార్గాలు తక్కువ. కాలు పోయిన వ్యవసాయ కూలీకి కూలి కూడా పోతుంది. కనుక అలసటను, వ్యాధిని వేరుచేసి చూడటం వైద్యపరంగానే కాక సామాజికంగానూ అవసరం.

2. ‘నరం’ అనే మాట – దాని పర్యవసానం:
వైద్యశాస్త్రం గుండె నుండి రక్తాన్ని తీసుకుపోయే నాళాన్ని ధమని అనీ, తిరిగి గుండెకు చేర్చే నాళాన్ని సిర అనీ, స్పర్శను, ఆజ్ఞలను మోసే తంతువును నాడి అనీ అంటుంది. వ్యవహారంలో ఈ మూడింటికీ ‘నరం’ అన్న ఒక్క మాటే చెల్లుతుంది. పిక్కమీద ఉబ్బిన సిరలను చూసి ‘నరాలు తేలాయి’ అంటారు. కాలు తిమ్మిరెక్కితే ‘నరాల బలహీనత’ అంటారు. మడమ దగ్గర స్నాయువు బెణికినా ‘నరం పట్టింది’ అనే అంటారు. ‘నాడి’ విషయంలోనూ ఇదే చిక్కు ఉంది. నాడి చూడటం అన్నప్పుడు అది ధమని స్పందన. నాడీమండలం అన్నప్పుడు దానికి రక్తంతో సంబంధం లేదు.

ఈ పదసంకరం భాషకు లోపం కాదు. శరీరాన్ని పైనుండి చూసిన మనిషి తాడులా కనిపించిన ప్రతిదానికీ పెట్టుకున్న పేరది. కానీ చికిత్స దగ్గరికి వచ్చేసరికి అది దారి తప్పిస్తుంది. ధమని మూసుకుపోయిన రోగి ‘నరాల డాక్టరు’ను వెతుకుతాడు, లేదా బలానికి విటమిన్ సూదిమందులు వేయించుకుంటాడు. రక్తనాళాల శస్త్రవైద్యం అనే విభాగం ఒకటి ఉన్నదన్న ఎరుక చాలామందిలో లేదు. కనుక రోగి వాడిన మాటను కాక, నొప్పి వచ్చే తీరును అడిగి తెలుసుకోవాలి.

3. ధమనీసంబంధమైన నొప్పి స్వభావం:
వయసు, పొగాకు, మధుమేహం, అధిక రక్తపోటు, అధిక కొలెస్ట్రాల్ కారణంగా ధమని గోడల్లో కొవ్వు, సున్నం పేరుకుని లోపలి దారి సన్నబడుతుంది. విశ్రాంతిలో పిక్క కండరానికి ఆ కొద్ది రక్తం సరిపోతుంది. నడిచేటప్పుడు అదే కండరానికి అనేక రెట్లు ఎక్కువ రక్తం కావాలి. సన్నబడిన ధమని దానిని అందించలేదు. అందువల్ల కొంతదూరం నడిచాక పిక్క బిగదీసినట్లు, బరువెక్కినట్లు నొప్పి వస్తుంది. నిలబడిపోతే కొద్ది నిమిషాల్లో తగ్గుతుంది. మళ్ళీ నడిస్తే ఇంచుమించు అంతే దూరంలో తిరిగి వస్తుంది. ఈ మూడు లక్షణాల కలయికే దీని గుర్తు.

ఫ్రెంచి పశువైద్యుడు బూలే 1831లో ఒక గుర్రంలో ఈ స్థితిని వర్ణించాడు. 1858లో షార్కో దానినే మనిషిలో వివరించాడు. దీనికి ఇంగ్లీషు వైద్య పరిభాషలో ఇంటర్మిటెంట్ క్లాడికేషన్ అన్న పేరు స్థిరపడింది. ఆగి ఆగి వచ్చే కుంటు అని దాని అర్థం.

వ్యాధి ముదిరితే విశ్రాంతిలోనూ, ముఖ్యంగా రాత్రిపూట, పాదం, వేళ్ళు మండుతున్నట్లు నొప్పి పుడుతుంది. రోగి మంచం మీద నుండి కాలు కిందికి వేలాడదీస్తే కొంత ఉపశమనం కలుగుతుంది, ఎందుకంటే భూమ్యాకర్షణ రక్తం కిందికి దిగడానికి తోడ్పడుతుంది. ఆ పై దశలో మానని పుండ్లు, కుళ్ళు ఏర్పడతాయి. లక్షణాలు లేని స్థితి, నడకలో నొప్పి, విశ్రాంతిలో నొప్పి, పుండు లేదా కుళ్ళు అనే ఈ నాలుగు దశల విభజనను 1954లో ఫోంటేన్ ప్రతిపాదించాడు.

4. పోలికగల ఇతర వ్యాధులు:
4.1. సిరల వ్యాధి: సిరల్లోని కవాటాలు పాడైతే రక్తం కాళ్ళలోనే నిలిచిపోతుంది. ఎక్కువసేపు నిలబడితే బరువు, వాపు, లాగుడు పుట్టి పొద్దువాలేసరికి పెరుగుతాయి. కాళ్ళు ఎత్తి పెట్టుకుంటే తగ్గుతాయి. ధమనుల వ్యాధికి ఇది సరిగ్గా తిరుగుముఖం. సిరల వ్యాధికి వాడే బిగుతు మేజోళ్ళను ధమనులు బాగా సన్నబడిన కాలికి తొడిగితే ఉన్న రక్తం కూడా అందక హాని జరుగుతుంది. రెండింటినీ ‘నరాలే’ అనుకోవడంలోని ప్రమాదం ఇక్కడ స్పష్టమవుతుంది.

4.2. వెన్నుపూస ఒత్తిడి: వెన్నుపాము దారి ఇరుకైనప్పుడు కూడా నడిస్తే కాళ్ళు నొప్పి పుడతాయి. కానీ కేవలం నిలబడితే అది తగ్గదు. కూర్చోవాలి, లేదా ముందుకు వంగాలి. ప్రకాశం ప్రాంతంలో దీనికి అదనపు కారణం ఉంది. షార్ట్, ఆయన సహచరులు 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్‌ను వివరించారు. ఆ జిల్లాలో ఉండిన కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు 1970లో ఏర్పడిన కొత్త జిల్లాలోకి వచ్చాయి. దానికే 1972లో ప్రకాశం అని పేరు పెట్టారు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఏళ్ళ తరబడి అధిక ఫ్లోరైడ్ నీరు తాగినవారిలో వెన్నెముక బిరుసెక్కి నాడులు ఒత్తిడికి గురికావచ్చు. అటువంటివారి నడకనొప్పిని వెంటనే ధమనులకు ఆపాదించరాదు. ఫ్లోరోసిస్ ఉన్నంత మాత్రాన ధమనులను పరీక్షించకుండా వదలనూరాదు.

4.3. మధుమేహం: ఇది రెండు వైపులా దెబ్బతీస్తుంది. మోకాలి కింది ధమనులను మూసివేస్తుంది, నాడులను మొద్దుబారుస్తుంది. స్పర్శ తగ్గినందువల్ల నడకనొప్పి తెలియకపోవచ్చు. మానని పుండే మొదటి సూచన కావచ్చు. పత్తి కట్టె మోడు గుచ్చుకున్నా తెలియని పాదం, ఆ గాయం మానడానికి తగిన రక్తం లేని పాదం ఒకటే అయినప్పుడు ప్రమాదం రెట్టింపవుతుంది. నొప్పికి ఇసుకమూట, ఉప్పుమూట కాపడం పెట్టే అలవాటు ఇటువంటి పాదాన్ని కాల్చి పుండు చేయగలదు.

5. పొగాకు – బర్గర్ వ్యాధి:
పొగాకుతో ఈ ప్రాంతానికి ఉన్న బంధం పాతది. 1920లో గుంటూరు నల్లరేగడి నేలల్లో వర్జీనియా పొగాకు సాగు మొదలైంది. తర్వాత అది ప్రకాశం తేలికనేలలకు విస్తరించింది. 1976 జనవరి 1న ఏర్పడిన పొగాకు బోర్డు కేంద్ర కార్యాలయం గుంటూరులోనే ఉంది. పంటగా ఆదాయమిచ్చిన ఆకే బీడీగా, చుట్టగా, సిగరెట్‌గా కాలి ధమనులకు ప్రధాన శత్రువు.

సాధారణ ధమనుల వ్యాధి నడివయసు దాటాక వస్తుంది. కానీ నలభై ఐదేళ్ళు నిండని, మధుమేహం లేని పొగతాగే యువకుడికి వేళ్ళు నల్లబడితే బర్గర్ వ్యాధిని అనుమానించాలి. 1879లో వాన్ వినివార్టర్ వర్ణించిన ఈ వ్యాధిని 1908లో న్యూయార్కులో లియో బర్గర్ సవివరంగా నిరూపించాడు. ఇందులో చిన్న, మధ్యతరహా ధమనులు, సిరలు వాచి గడ్డలతో మూసుకుపోతాయి. వ్యాధి చివరి నాళాల్లో ఉన్నందున శస్త్రచికిత్సకు తరచు వీలుండదు. పొగాకును పూర్తిగా మానడం ఒక్కటే వ్యాధి పురోగతిని ఆపే మార్గం. తగ్గించడం చాలదు, నమిలే పొగాకుకు మారినా చాలదు.

6. నిర్ధారణ పరీక్షలు:
తొలిపరీక్షకు పరికరం అక్కరలేదు. పాదం పైభాగంలోనూ, లోపలి చీలమండ వెనుకనూ ధమని స్పందనను వేళ్ళతో తాకి చూడాలి. రెండు కాళ్ళ చల్లదనాన్ని, రంగును పోల్చాలి. తర్వాతిది చీలమండ–భుజ సూచిక. చిన్న డాప్లర్ పరికరంతో చీలమండ వద్ద కొలిచిన పై రక్తపోటును చేతి రక్తపోటుతో భాగిస్తారు. చేతిలో 140, చీలమండలో 84 ఉంటే సూచిక 0.60 అవుతుంది. 1.00 నుండి 1.40 వరకు సాధారణం. 0.90 గాని అంతకు తక్కువ గాని ఉంటే వ్యాధి ఉన్నట్లు. మధుమేహ రోగుల్లో సున్నం పేరుకున్న ధమని నొక్కుకుపోదు కనుక సూచిక 1.40 మించి తప్పుదారి పట్టించవచ్చు. అప్పుడు కాలి బొటనవేలి రక్తపోటు కొలవాలి. నాళం ఎక్కడ మూసుకుపోయిందో డాప్లర్ స్కానింగ్, అవసరమైతే యాంజియోగ్రఫీ తెలుపుతాయి.

7. చికిత్సా మార్గాలు:
7.1. నడక: నడిస్తే నొప్పి వచ్చే వ్యాధికి నడకే మందు కావడం వింతగా తోచవచ్చు. ఓ మోస్తరు నొప్పి వచ్చేవరకు నడిచి, తగ్గేవరకు ఆగి, మళ్ళీ నడవాలి. ఇలా 30 నుండి 45 నిమిషాలు, వారానికి కనీసం 3 రోజులు, 12 వారాలు పర్యవేక్షణలో చేస్తే నొప్పి లేకుండా నడవగల దూరం పెరుగుతుంది. పొలంపని చేస్తున్నాం గదా అన్నది దీనికి ప్రత్యామ్నాయం కాదు. వంగి నిలబడటం వేరు, క్రమబద్ధంగా నడవడం వేరు. పాదంలో పుండు గాని, విశ్రాంతిలో నొప్పి గాని ఉన్నవారు మొదట వైద్యుని చూడాలి.

7.2. మందులు: ఆస్పిరిన్ లేదా క్లోపిడోగ్రెల్, స్టాటిన్, రక్తపోటు, మధుమేహాల అదుపు అనేవి కాలితో పాటు గుండెను, మెదడును కాపాడటానికి. కాలి ధమని సన్నబడిన వ్యక్తికి గుండెపోటు, పక్షవాతం ముప్పు కూడా ఎక్కువ. సిలోస్టజాల్ నడక దూరాన్ని పెంచుతుంది. కానీ గుండె వైఫల్యం ఉన్నవారికి ఇవ్వకూడదు. ఏ మందైనా వైద్యుని సలహాతోనే వాడాలి.

7.3. నాళం తెరవడం: 1948లో పారిస్‌లో జాన్ కున్లిన్ రోగి సిరతోనే మూసుకుపోయిన తొడ ధమనికి పక్కదారి వేశాడు. 1964 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్, కాలు తీయించుకోవడానికి నిరాకరించిన 82 ఏళ్ళ స్త్రీకి గొట్టాలతో ధమనిని వెడల్పు చేసి ఆ కాలిని నిలబెట్టాడు. నేటి యాంజియోప్లాస్టీకి అది నాంది. విశ్రాంతిలో నొప్పి, పుండు ఉన్న దశలో ఇవి కాలిని రక్షించే చికిత్సలు.

7.4. అత్యవసర స్థితి: కాలు ఉన్నట్టుండి తీవ్రంగా నొప్పిపుట్టి, పాలిపోయి, చల్లబడి, స్పర్శ గాని కదలిక గాని తగ్గితే ధమనిలో గడ్డ అడ్డుపడినట్లు భావించాలి. ఇందులో వ్యవధి గంటల్లోనే. సుమారు 6 గంటలు దాటితే కండరం, నాడులు కోలుకోలేని స్థితికి చేరవచ్చు. కాపడం, మర్దన చేస్తూ తెల్లవారేదాకా వేచి ఉండరాదు.

8. ముగింపు:
2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సలకు ఉద్దేశించినది. కాలి ధమనుల వ్యాధిలో ఎక్కువ మేలు జరిగేది అంతకు ముందరి దశలో. అప్పటికి కావలసినవి నడక, కొద్ది మాత్రలు, పొగాకు మానడం, రోజూ పాదాలు చూసుకోవడం, చేలో చెప్పులు వేసుకోవడం. 30 ఏళ్ళు నిండినవారికి గ్రామస్థాయిలో రక్తపోటు, మధుమేహ పరీక్షలు జరుగుతున్నాయి. ‘ఎంతదూరం నడిస్తే నొప్పి వస్తుంది? నిలబడితే తగ్గుతుందా?’ అన్న రెండు ప్రశ్నలను, పాదం స్పందనను తాకి చూడటాన్ని వాటికి చేర్చడానికి అదనపు వ్యయం ఉండదు. ‘నరం’ అన్న ఒక్క మాట వెనుక ధమని ఉందో, సిర ఉందో, నాడి ఉందో తేల్చుకోవడమే సరైన చికిత్సకు మొదటి మెట్టు. ఆ తేడాను తెలుగులో, రోగికి అర్థమయ్యే మాటల్లో చెప్పగలగడం వైద్యులతో పాటు అధ్యాపకుల, పరిశోధకుల బాధ్యత కూడా.