గురి గీతల లెక్క

మాది హొళగుంద. ఎన్.సి.సి.లో చేరి పాయింట్ 22 రైఫిల్ పేల్చేదాకా గురి అంటే కంటిచూపే అనుకొన్నాను. అది కోణాల లెక్క అని తర్వాత తెలిసింది.

స్కోపు అద్దంలో కనబడే గురి గీతలను రెటికల్ అంటారు. వాటి కొలతలు రెండు. 'మిల్' అంటే దూరంలో వెయ్యోవంతు. 100 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లు. 'మినిట్' అంటే డిగ్రీలో 60వ వంతు. అదే దూరంలో 2.9 సెంటీమీటర్లు.

ఒకసారి మా ఊరి చేనుగట్టున మిత్రుణ్ణి నిలబెట్టి, మిల్ గీతలున్న బైనాక్యులర్‌తో చూశాను. 1.6 మీటర్ల మనిషి 4 గీతల ఎడంలో ఇమిడాడు. అంటే 400 మీటర్లు. నేనేమో వాటిని మినిట్లనుకొని దాదాపు 1,375 మీటర్లన్నాను! వాడు నవ్వి ఊరుకొన్నాడు. తూటా ఊరుకోదు గదా!

అందుకే స్కోపు ఎంచుకొనేటప్పుడు గీతలూ, సవరించే మరలూ ఒకే కొలతలో ఉన్నాయా అని మొదట చూడాలి. జూమ్ మారిస్తే గీత విలువ మారుతుందా అన్నది రెండో ప్రశ్న.

2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన హైదరాబాదు గగన్ నారంగ్ రైఫిల్‌కు స్కోపే లేదు. ఆ పోటీలో ఒప్పుకోరు. 10 మీటర్ల దూరాన అర మిల్లీమీటరు చుక్క, అంటే మిల్‌లో ఇరవయ్యో వంతు! గీతలెన్ని ఉన్నా, వాటి లెక్క తెలిసినవాడికే అవి పనికొస్తాయి.