హజార్డ్ లైట్లు

కారు రహదారిపై ఆగిపోయినప్పుడు ఇతర వాహన చోదకులను హెచ్చరించడానికి ముందు, వెనుక ఉన్న ఇండికేటర్లన్నీ ఒకేసారి ఆరి వెలిగేలా చేసే ఏర్పాటును హజార్డ్ లైట్లు అంటారు. ఇవి ప్రత్యేకమైన దీపాలు కావు, మలుపు తిరిగేటప్పుడు వాడే నారింజ రంగు దీపాలే. డ్యాష్‌బోర్డుపై ఎర్రని త్రిభుజం గుర్తు గల స్విచ్ నొక్కితే వెలుగుతాయి. ఇంజను ఆగిపోయినా, తాళంచెవి తీసివేసినా పనిచేస్తాయి. వీటిని కొందరు పార్కింగ్ లైట్లు అంటారు కానీ అది సరికాదు. పార్కింగ్ లైట్లు ఆరి వెలగవు, నిలకడగా వెలుగుతాయి.

అవసరం

హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారి (ప్రస్తుతం 65వ నంబరు, పూర్వం 9వ నంబరు) సూర్యాపేట, కోదాడల మీదుగా పోతుంది. కోదాడ నుండి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడకు 167వ నంబరు రహదారి ఉన్నది. మిర్యాలగూడ రైస్ మిల్లులకు పేరు పొందిన పట్టణం కావడం వలన వరికోతల కాలంలో ధాన్యం లారీలు, ట్రాక్టర్లు ఈ ప్రాంతపు రోడ్లపై ఎక్కువగా తిరుగుతాయి. 2024 ఏప్రిల్‌లో కోదాడ వద్ద ఆగి ఉన్న లారీని ఒక కారు వెనుక నుండి ఢీకొనగా ఆరుగురు మరణించారు.

గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు ప్రయాణిస్తుంది. దీపాలు లేని వాహనం 50 మీటర్ల దూరంలో కనబడితే చోదకునికి మిగిలేది రెండు సెకన్లలోపు సమయమే. అంతలో బ్రేకు వేసినా కారు ఆగదు. ఆరి వెలిగే దీపం అంతకంటే చాలా దూరం నుండే కనబడుతుంది.

ఉపయోగించే విధానం

కారు చెడిపోయినట్లు తెలియగానే, అది కదులుతూ ఉండగానే హజార్డ్ లైట్లు వేసి రోడ్డు ఎడమ అంచుకు తీసుకుపోవాలి. లోపలివారు ఎడమ వైపు నుండి దిగి, రోడ్డుకు దూరంగా నిలబడాలి. కారు వెనుక నిలబడితే దీపాలకు అడ్డు కావడమే కాక ప్రాణాపాయం కూడా. కారుతో వచ్చే ఎర్రని త్రిభుజాన్ని కనీసం 50 మీటర్లు వెనుక పెట్టాలి. వంపు ఉన్నచోట వంపుకు ముందే పెట్టడం మేలు. జాతీయ రహదారులపై సహాయం కొరకు 1033 నంబరుకు ఫోను చేయవచ్చు. మరొక వాహనం చేత లాగించుకుపోయేటప్పుడు కూడా ఈ దీపాలు వేయాలి.

కూడలిలో నేరుగా పోవడానికి వీటిని వేయడం మన రోడ్లపై బాగా పాతుకుపోయిన పొరపాటు. పక్క నుండి చూసేవారికి ఒక వైపు దీపమే కనబడుతుంది కనుక కారు తమ వైపు మళ్ళుతుందని అనుకుంటారు. నేరుగా పోవడానికి ఏ సంకేతమూ అక్కరలేదు. వానలో, పొగమంచులో వీటిని వేసుకొని నడపడం కూడా తప్పే. చాలా కార్లలో హజార్డ్ లైట్లు వెలుగుతున్నంతసేపు మలుపు సంకేతం పనిచేయదు. పైగా, వెనుక వచ్చేవారికి ఆగిన వాహనమేదో నడిచే వాహనమేదో తెలియదు. పొగమంచులో హెడ్‌లైట్లను లో బీమ్‌లో ఉంచి, ఫాగ్ లైట్లు ఉంటే అవి వాడాలి.

లోపాలు - పరీక్ష

మొదట ఇండికేటర్లు వేసి చూడాలి. అవి పనిచేసి హజార్డ్ లైట్లు వెలగకపోతే లోపం హజార్డ్ స్విచ్‌లో గానీ దాని ఫ్యూజులో గానీ ఉంటుంది. రెండూ పనిచేయకపోతే ఫ్లాషర్ రిలేను, ఫ్యూజులను చూడాలి. కొత్త కార్లలో విడిగా ఫ్లాషర్ ఉండదు, ఆ పనిని ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్ చేస్తుంది. దానిని సొంతంగా విప్పరాదు. ఒక దీపం మాత్రమే మసకగా వెలిగితే హోల్డర్ తుప్పు పట్టడమో, ఎర్త్ తీగ వదులు కావడమో కారణం.

కేంద్ర మోటారు వాహన నియమాలు, 1989 ప్రకారం ఇండికేటరు నిమిషానికి 60 నుండి 120 సార్లు వెలగాలి. ఒక వైపు ఇండికేటరు వేసినప్పుడు అది అతివేగంగా కొట్టుకుంటే ఆ వైపు బల్బు మాడిపోయి ఉండవచ్చు. మామూలు బల్బు తీసి ఎల్.ఇ.డి. బల్బు వేసినా, అది తక్కువ కరెంటు తీసుకోవడం వలన, ఇలాగే జరుగుతుంది.

సాధారణంగా ఒక్కొక్క ఇండికేటరు బల్బు 21 వాట్లు. నాలుగూ కలిపి 84 వాట్లు, అనగా 12 వోల్టుల బ్యాటరీ నుండి వెలిగినప్పుడల్లా 7 ఆంపియర్లు తీసుకుంటాయి. పాత బ్యాటరీ అయితే కొన్ని గంటలలోనే ఇంజను స్టార్టు కాని స్థితికి రావచ్చు. అయినా రాత్రివేళ రహదారిపై బ్యాటరీని ఆదా చేయడం కొరకు వీటిని ఆర్పివేయరాదు.