కారు కప్పు దించుట

మానవుడు తాను వాడెడు వస్తువును తన యవసరమునకును, తన యభిరుచికిని తగినట్లు మార్చుకొనుచుండును. ఎడ్లబండికి వెదురుబద్దలతో గూడు కట్టుట అవసరము. ఎద్దుల కొమ్ములకు రంగు పూసి మెడలో మువ్వలు కట్టుట అభిరుచి. మోటారు వాహనములు వచ్చిన పిదపను ఈ స్వభావము మారలేదు. జనగామ నుండి సూర్యాపేటకు పోవు దారిలోని తిరుమలగిరిలో కొంతసేపు నిలిచి చూడుడు. వచ్చిపోవు లారీలపై పూలు, పక్షులు, దేవతల పేర్లు రంగురంగులుగా కనబడును.

రంగు పూసినంత మాత్రమున వాహనమునకు హాని లేదు. కాని అమెరికా దేశమున కొందరు పాతకారు బాడీనే కోసి, దాని పైకప్పును కొన్ని అంగుళములు క్రిందికి దించుదురు. అట్టి కారును ‘చాప్‌డ్ టాప్’ అందురు. చూపునకు ఇది సులభముగా తోచును. ఈ పని ఎట్లు జరుగునో, ఇందులో ఎంత లెక్క యిమిడి యున్నదో తెలిసికొందము.

కాలిఫోర్నియా రాష్ట్రమున ఎండిపోయిన సరస్సులు కలవు. వాని నేల బల్లవలె సమముగా నుండును. 1930 తరువాతి సంవత్సరములలో అచ్చటి యువకులు పాత ఫోర్డు కార్లను చౌకగా కొని, ఆ నేలపై వేగముగా నడుపుచు పోటీలు పడుచుండిరి. 1937లో ఇట్టి పోటీలను క్రమపరచుటకై ఒక సంఘము కూడ ఏర్పడెను. ఎదురుగాలిలో గొడుగు వేసికొని నడచినవారికి గాలి ఎంత వెనుకకు నెట్టునో తెలియును. గొడుగు చిన్నదైనచో ఆ యొత్తిడియు తగ్గును. కారు విషయమును ఇట్టిదే. గాలికి ఎదురుపడు వైశాల్యము తగ్గినకొలది గాలి యడ్డు తగ్గును. వేగము రెట్టింపైనచో ఆ యడ్డు నాలుగు రెట్లగును. కావున ఆ యువకులు కప్పును దించి కారు ఎత్తును తగ్గించిరి. రెండవ ప్రపంచయుద్ధము 1945లో ముగిసిన పిదప, కేవలము అందము కొరకే కప్పు దించుట ఒక కళగా వ్యాపించెను.

తొలినాటి కార్లు పెట్టెవలె నుండెడివి. కప్పును మోయు స్తంభములు నిటారుగా నుండుటచే, ప్రతి స్తంభమునుండి సమానమైన ముక్కను తీసివేసినచో పైభాగము క్రిందిభాగముపై సరిగా కూర్చుండెడిది. తరువాతి కార్లలో స్తంభములు లోపలికి వాలి యుండును. అచ్చటనే చిక్కు పుట్టును.

దేవాలయ గోపురమును తలచుకొనుడు. అది క్రింద వెడల్పుగా నుండి పైకి పోయినకొలది సన్నగిలును. నడిమి అంతస్తు నొకదానిని తీసివేసి పైభాగమును నేరుగా క్రిందికి దించినచో ఏమగును? పైభాగపు అడుగు చిన్నది, క్రిందిభాగపు తల పెద్దది. రెండును కలియవు. కారు కప్పును ఇట్లే. ముందు అద్దపు స్తంభము 45 డిగ్రీల వాలున ఉన్నదనుకొందము. కప్పును 4 అంగుళములు దించినచో, స్తంభపు పైముక్క క్రిందిముక్కకంటె 4 అంగుళములు వెనుకకు జరిగి యుండును. వెనుక స్తంభమును అంతే వాలి యున్నచో అచ్చటను 4 అంగుళముల ఎడము వచ్చును. అనగా 4 అంగుళములు పొట్టి చేయుటకు కప్పును 8 అంగుళములు పొడవు చేయవలెను! అట్టముక్కలతో చిన్న కారు చేసి కత్తిరించి చూచినచో ఈ సంగతి మీకే బోధపడును.

ఇక పనివిధానము. మొదట ఆసనములను, అద్దములను, లోపలి గుడ్డను తీసివేయుదురు. నిప్పురవ్వలు రేగు పని గావున పెట్రోలు తొట్టిని గూడ తొలగింతురు. పిమ్మట కారును సమతలముపై నిలిపి, లోపల ఇనుప కమ్ములను అడ్డముగా, ఏటవాలుగా వెల్డింగు చేయుదురు. కప్పు తీసిన వెంటనే బాడీ వంకర పోకుండ ఈ కమ్ములు పట్టియుంచును. ప్రతి స్తంభముపై గీతలు గీచి, కుడి యెడమల కొలతలు సరిపోల్చిన తరువాతనే కోత మొదలగును. నలుగురు చేరి కప్పును ఎత్తి క్రింద పెట్టుదురు. తలుపుల చట్రములను గూడ అదే కొలతకు కోయవలెను. లేనిచో తలుపులు మూతపడవు. కప్పును చీల్చి, ఎడమున్న చోట కొత్త రేకు పట్టీలను చేర్చుదురు.

కారు రేకు మందము సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే. ఒకే చోట ఎక్కువ వేడి తగిలినచో అది అప్పడమువలె ముడుచుకొనును. కావున దూరదూరముగా చుక్కలు పెట్టినట్లు అతికి, చల్లారనిచ్చి, మరల నడిమి భాగములను అతుకుదురు. వెనుక ఇనుపదిమ్మె ఆన్చి పైనుండి సుత్తితో మెల్లగా కొట్టి నునుపు చేయుదురు. పూర్వము అతుకులపై సీసము, తగరము కలిపి కరగించి పూసెడివారు. సీసపు ధూళి విషము గావున ఆ పనికి ఎంతయో జాగ్రత్త కావలెను.

తరువాత అద్దముల వంతు. ముందు అద్దము రెండు పొరల నడుమ ప్లాస్టిక్కు ఉంచి చేసినదైనచో నేర్పరి దానిని కోయగలడు. నేటి కార్ల ప్రక్క అద్దములు వేడిచేసి వెంటనే చల్లార్చి గట్టిపరచినవి. వానిని కోయబూనినచో క్షణములో గింజలు గింజలుగా రాలిపోవును. కొత్తకొలతకు వేరుగా చేయించవలసినదే.

ఈ కళలో పేరు పొందినవారు జార్జి బారిస్, శామ్ బారిస్ అను సోదరులు. 1952లో బాబ్ హిరోహతా అను యువకుడు తన 1951 నాటి మెర్క్యురీ కారును వారికి అప్పగించెను. వారు కప్పును ముందువైపున 4 అంగుళములు, వెనుకవైపున 7 అంగుళములు దించిరి. వెనుక ఎక్కువ దించుటచే కప్పు జారుచున్న నీటి అలవలె కనబడును. 2017లో ఆ కారు అమెరికా చారిత్రక వాహనముల పట్టికలో చేర్చబడెను.

దీనిని చూచి, పాతకారు దొరకిన వెంటనే రంపము పట్టవచ్చునా? పట్టరాదు. కారు బోర్లపడినపుడు లోపలివారి తలలను కాపాడునవి ఆ స్తంభములే. అతుకు బలహీనమైనచో ప్రాణమునకే ముప్పు. కప్పు దిగినకొలది కిటికీలు ఇరుకగును. నడుపువానికి చుట్టుప్రక్కలు సరిగా కనబడవు. మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నమగునట్లు వాహనమును మార్చరాదని చెప్పుచున్నది. 2019లో సుప్రీంకోర్టును ఈ విషయమునే దృఢపరచెను. మరియు 2021లో వచ్చిన నిబంధనల ప్రకారము, మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 సంవత్సరములు దాటి, మూలరూపముననే యున్న వాహనమే ‘వింటేజి’ యగును. కప్పు కోసిన నాడే కారు ఆ గౌరవమును పోగొట్టుకొనును.

మన హైదరాబాదులోనే దీనికి భిన్నమైన ఉదాహరణము కలదు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఒక రోల్స్ రాయిస్ కారును చేయ నాజ్ఞాపించి, 1911లో మరణించెను. కారు ఆయన తదనంతరము వచ్చెను. ఆ కాలమున కంపెనీ ఛాసిస్‌ను, యంత్రమును మాత్రమే ఇచ్చెడిది. బాడీని వేరొకరు కట్టెడివారు. లండనునందలి బార్కర్ సంస్థవారు సింహాసనము వంటి ఆసనముతో ఈ కారు బాడీని నిర్మించిరి. యజమాని కోరిక నిర్మాణమునకు ముందే తెలియుటచే కోతయు అతుకును అక్కరలేకపోయెను. పసుపువన్నెగల ఆ కారు నేడు చౌమహల్లా ప్యాలెసులో చూపరుల నాకర్షించుచున్నది. నేటికిని పెక్కు లారీలు ఛాసిస్‌తో మాత్రమే వచ్చును. విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల మన పనివారు వానికి బాడీలు కట్టుదురు. నేర్పు చూపదలచిన యువకులకు అట్టి చోట తగిన పని కలదు.

కోసిన యినుమును అతుకవచ్చును గాని, కోయక పూర్వమున్న స్థితికి తేజాలము. ఒక్క కప్పు నాలుగంగుళములు దిగుటకు తలుపు, అద్దము, ఆసనము అన్నియు మారవలసి వచ్చుచున్నవి. కావున ఏ వస్తువునైనను మార్చబూనునపుడు, ఆ మార్పు ఎంతవరకు పోవునో ముందుగా లెక్కించుకొనవలెను. అట్లు లెక్కించి, కోయదగినదానిని కోయుటయు, కోయరానిదానిని కాపాడుటయు నిజమైన పనివాని లక్షణము.