సంతకో మాత్ర

ఏజెన్సీ ప్రాంతమైన పినపాక మండలంలో ఆశా కార్యకర్త దగ్గర గర్భం రాకుండా వేసుకునే మాత్రలు రెండు రకాలు దొరుకుతాయి. మాలా-ఎన్ రోజూ వేసుకోవాలి, ఛాయా వారానికొకటి చాలు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో రెండూ ఉచితమే. "వీటిలో నాకేది పడుతుంది?" అని అడిగితే మాట సాధారణంగా వికారం, తలనొప్పి, బరువు పెరగడం వైపు వెళ్లిపోతుంది. అవి పట్టించుకోవలసినవే. కానీ ఆ ప్రశ్న లోపల ఇంకో ప్రశ్న ఉంది, దాన్ని వదలబుద్ధి కాదు: ఆదివారం మింగిన మాత్ర శనివారం దాకా ఎలా నిలుస్తుంది? ఇది అర్థమైతే ఎవరికి ఏది సరిపోతుందో సగం తేలిపోతుంది. ఎందుకంటే ఈ రెండింటి మధ్య అసలు తేడా, మరిచిపోయినప్పుడు ఏది ఎంతవరకు ఆదుకుంటుందన్న దగ్గరే ఉంది.

ముందు రోజువారీ మాత్ర సంగతి క్లుప్తంగా చూద్దాం. మాలా-ఎన్‌లో 0.15 మి.గ్రా. లెవోనార్జెస్ట్రెల్, 0.03 మి.గ్రా. ఇథినైల్ ఈస్ట్రడయోల్ ఉంటాయి. ఈ రెండు హార్మోన్లూ కలిసి అండం విడుదల కాకుండా ఆపుతాయి. స్ట్రిప్పులో 28 మాత్రలుంటే పనిచేసేవి 21 మాత్రమే. మిగతా 7 ఐరన్ మాత్రలు. ఆ వారంలో హార్మోన్ అందక రక్తస్రావం అవుతుంది. నెలసరిలా కనిపిస్తుంది కానీ నిజమైన నెలసరి కాదు. ఈ విరామం శరీరం అడిగింది కాదు, మాత్రను తయారుచేసినవాళ్లు పెట్టింది. 1960లో అమెరికాలో అనుమతి పొందిన తొలి మాత్ర వెనుక ఉన్న డాక్టర్ జాన్ రాక్ నిష్ఠగల క్యాథలిక్. నెలనెలా రక్తం కనిపిస్తే ఈ పద్ధతి సహజమైనదేనని చర్చి ఒప్పుకుంటుందని ఆయన ఆశపడ్డాడు. 1968లో పోప్ ససేమిరా అన్నాడు. చర్చి ఒప్పుకోలేదు, విరామం మాత్రం అలాగే ఉండిపోయింది. దాని ఖరీదు తక్కువేం కాదు. అండాశయాన్ని అదుపులోకి తేవడానికి వరసగా 7 రోజుల హార్మోన్ కావాలి, 7 రోజులు అందకపోతే అది మళ్లీ పని మొదలుపెట్టబోతుంది. స్ట్రిప్పు మధ్యలో ఒక మాత్ర తప్పినా గుర్తొచ్చిన వెంటనే వేసుకుంటే సాధారణంగా నష్టముండదు. కొత్త స్ట్రిప్పు రెండు మూడు రోజులు ఆలస్యంగా మొదలుపెడితే మాత్రం 7 రోజుల విరామం 9, 10 రోజులవుతుంది. ముప్పు అక్కడుంది. చాలామంది భయపడేది మధ్యలో తప్పిన మాత్రకు, తేలిగ్గా తీసుకునేది స్ట్రిప్పు మొదట్లో జరిగే ఆలస్యాన్ని. ఐరన్ మాత్రలు పారేస్తే గర్భం విషయంలో ఏమీ కాదు, కానీ రోజూ మాత్ర వేసుకునే అలవాటు తెగకుండా, కొత్త స్ట్రిప్పు తేదీ తప్పకుండా చూసేవి అవే.

ఇక ఛాయా. ఇది పూర్తిగా మన దేశపు మందు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో నిత్య ఆనంద్ బృందం 1960లలో తయారుచేసిన సెంట్‌క్రోమాన్ అనే పదార్థం ఇది. 1991లో 'సహేలీ' పేరుతో అమ్మకానికి వచ్చింది. 2016లో 'ఛాయా'గా కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో చేరింది. మాత్రలో 30 మి.గ్రా. మందు ఉంటుంది, హార్మోన్ చుక్క కూడా ఉండదు. ఒంట్లో చేరిన మందులో సగం పోవడానికి దాదాపు వారం పడుతుంది. మాలా-ఎన్‌లోని హార్మోన్లకు అదే సగం పోవడానికి అటూఇటుగా ఒక్కరోజు చాలు. లెక్క వేసి చూడండి. మొదటి ఆదివారం 30 మి.గ్రా. వేసుకుంటే వచ్చే ఆదివారానికి 15 మిగులుతుంది. దానిమీద ఇంకో 30 పడితే 45. మరుసటి వారానికి 22.5 మిగిలి, కొత్త మాత్రతో 52.5 అవుతుంది. ఇలా పెరిగి పెరిగి 60 దగ్గర నిలబడుతుంది. అప్పటి నుంచి వారమంతా 60కీ 30కీ మధ్య ఊగుతుంది, 30 కిందికి దిగదు. చిక్కల్లా మొదటి వారాల్లోనే, అప్పుడు అడుగు 15 దాకా జారిపోతుంది. అందుకే మొదటి మూడు నెలలు వారానికి రెండు మాత్రలు: నెలసరి మొదటి రోజున ఒకటి, మూడు రోజుల తర్వాత ఇంకొకటి, ఆపైన ప్రతి వారం అవే రెండు రోజుల్లో. నాలుగో నెల నుంచి మొదటి మాత్ర వేసుకున్న వారం రోజునే ఒకటి. లెక్క ప్రకారం నెలన్నరకే మందు నిండుగా పేరుకుంటుంది, కాబట్టి మూడు నెలలు కాస్త మించిన జాగ్రత్తే. ఆ జాగ్రత్తతో నాకు పేచీ లేదు.

పేరుకున్న మందు చేసే పని ఇంకా చిత్రం. ఇది అండం విడుదలను సాధారణంగా ఆపదు. అండం వస్తుంది, వీర్యకణంతో కలిసే వీలూ ఉంటుంది. అలా ఏర్పడిన పిండం అండవాహికలో మూడు నాలుగు రోజులు ప్రయాణించి గర్భాశయానికి చేరాలి. అప్పటికి గర్భాశయపు పొర సిద్ధమై ఉండాలి, అది పిండాన్ని పట్టుకోగలిగేది నెలలో కొద్దిరోజులే. సెంట్‌క్రోమాన్ ఆ పొరలో ఈస్ట్రోజెన్ కూర్చోవలసిన చోట తాను కూర్చుంటుంది. దాంతో పొర ఎదుగుదల వెనకబడుతుంది, పిండమేమో వేళకు ముందే వచ్చేస్తుంది. నారు వచ్చి గట్టున పడింది, మడి ఇంకా దమ్ము చేయలేదు. పిండం నాటుకోదు. ఇదే కుటుంబానికి చెందిన టామాక్సిఫెన్ కథ చూస్తే ఇది ఎంత అదృష్టమో తెలుస్తుంది. 1962లో ఇంగ్లండ్‌లోని ఐసీఐ కంపెనీలో డోరా రిచర్డ్‌సన్ దాన్ని తయారుచేసినప్పుడు వాళ్లు వెతుకుతున్నది గర్భనిరోధక మందు కోసమే. ఎలుకల్లో గర్భాన్ని చక్కగా ఆపింది. ఆడవాళ్లలో తలకిందులైంది, అండం విడుదలను ప్రోత్సహించింది! చివరికి రొమ్ము క్యాన్సర్ మందుగా ప్రసిద్ధికెక్కింది. ఎలుకను నమ్మి ఇంగ్లండ్ బోల్తాపడిన చోట లక్నో నెగ్గింది.

ఛాయామీద అభ్యంతరాలు లేకపోలేదు. పిండం ఏర్పడ్డాక అడ్డుకోవడం తప్పని నమ్మేవాళ్లున్నారు. ఆ నమ్మకం ఉన్నవారికి ఈ మందు పనిచేసే తీరు దాచకుండా చెప్పాలి. అయితే నాటుకున్న గర్భాన్ని ఇది తీసేయదు, అబార్షన్ మాత్ర కాదు. నెలసరి ఆలస్యమవుతుందన్నది ఇంకో ఫిర్యాదు. నిజమే, కొందరిలో మొదటి నెలల్లో అలా జరుగుతుంది, గర్భం వచ్చిందేమోనని గుండె దడదడలాడుతుంది. పదిహేను రోజులు దాటితే ఆశా దగ్గర దొరికే కిట్‌తో పరీక్ష చేసుకోవాలి. రక్తస్రావం తగ్గడం మాత్రం రక్తహీనత ఉన్నవారికి లాభమే. అధిక రక్తస్రావానికి డాక్టర్లు ఇదే మందు రాస్తారు కూడా. రోజూ చేసే పని గుర్తుంటుంది కానీ వారానికోసారి చేసేది మరిచిపోతాం కదా అని కూడా అంటారు. పట్నంలో అది నిజం కావచ్చు. ఏజెన్సీలో వారాన్ని గుర్తుచేసే సంత ఉంది. మొదటి మాత్ర పడిన రోజును బట్టి సంత రోజో, దాని ముందు రోజో అని గుర్తుపెట్టుకుంటే సరి. తునికాకు రోజుల్లో తెల్లవారకముందే అడవికి వెళ్లే మనిషికి రోజూ ఒకే వేళకు మాత్ర వేసుకోవడమే అసలు కష్టం. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అలాంటి వరదలో స్ట్రిప్పు అయిపోయి దారులు మూసుకుపోతే మాలా-ఎన్ వాడే ఆమెకు నాలుగు రోజుల ఆలస్యమే చేటు. ఛాయాకు ఒకటి రెండు రోజుల జాప్యమైతే మాత్ర అందగానే వేసుకుని, వచ్చే నెలసరి దాకా కండోమ్ కూడా వాడితే సరిపోతుంది. వారం దాటితే మాత్రం వారానికి రెండు చొప్పున మళ్లీ మొదటి నుంచి.

అలాగని ఛాయా అందరికీ పడదు. అండాశయంలో నీటిబుడగలు అని చెప్పే పీసీఓడీ, ఇటీవలి కామెర్లు, కాలేయం లేదా మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి వద్దు. పాలిచ్చే తల్లికి మొదటి నుంచీ పనికొస్తుంది, మాలా-ఎన్‌కు బిడ్డకు ఆరు నెలలు నిండాలి. బీపీ ఎక్కువున్నవాళ్లూ, 35 దాటి చుట్టో బీడీయో కాల్చేవాళ్లూ మాలా-ఎన్ జోలికి పోకూడదు, అందులోని ఈస్ట్రోజెన్‌తో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. కోయ కుటుంబాల్లో కనిపించే సికిల్‌సెల్ జబ్బు ఉన్నవారు కూడా డాక్టరును అడగకుండా ఈస్ట్రోజెన్ మాత్ర మొదలుపెట్టకూడదు. టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే రెండు మాత్రలూ పక్కనపెట్టాలి. ఆ మందు కాలేయాన్ని ఉరకలెత్తించి హార్మోన్లను వేళకు ముందే బయటికి పంపేస్తుంది, 1970ల మొదట్లో జర్మనీలో మాత్ర వాడుతూనే గర్భం దాల్చినవాళ్ల వల్ల ఈ సంగతి బయటపడింది. ఛాయా సూచనల్లోనూ టీబీ ఉంటే వద్దనే ఉంది. అలాంటివారికి కాపర్-టీ, మూడు నెలలకోసారి వేసే అంతరా ఇంజెక్షన్ ఉన్నాయి. కొన్ని ఫిట్స్ మందులతోనూ ఇదే చిక్కు. జ్వరానికి, దగ్గుకు వాడే మామూలు యాంటీబయాటిక్స్‌తో లేదు. కానీ ఊళ్లో పుకారు నడిచేది వాటి మీదే. తెలంగాణలో పెళ్లైన ఆడవాళ్లలో 60 శాతానికి పైగా ఆపరేషన్ చేయించుకున్నవారే. మాత్రల దాకా వచ్చేవాళ్లు బహు కొద్దిమంది, ఆ కొద్దిమందిలోనూ స్ట్రిప్పు చేతిలో పడేముందు "టీబీ మందులేమైనా వాడుతున్నావా?" అన్న ప్రశ్న ఎదురయ్యేది ఎందరికో.